ఏం గాదు, చెట్టు మందే గదా!

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రో నీడన నడిచిపోతే ఆ ఎర్ర పొడి ప్యాకెట్టు పదిచోట్లయినా కంటబడుతుంది. ఆయుర్వేద దుకాణాల్లో, పూజా సామాన్ల కొట్లలో, బ్యూటీ పార్లర్ల అద్దాల అలమారాల్లో, చివరికి హాస్టళ్ల సందుల్లోని కిరాణా కొట్లలో కూడా. పేరు మంజిష్ఠ. రక్తం శుద్ధి చేస్తుందట, మొటిమలు పోతాయట, మంగు పోతుందట, ఒళ్లు తెల్లబడుతుందట, ఎండాకాలం చలవ కూడానట. ఎన్నాళ్లు వాడాలంటే ఎన్నాళ్లయినా. ఎవరు వాడాలంటే ఎవరైనా. ఏమైనా అవుతుందేమో అని నసిగితే జవాబు అన్నిచోట్లా ఒక్కటే: "ఏం గాదమ్మా, చెట్టు మందే గదా!"

ఆ ఒక్క మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మంజిష్ఠ మీద నాకు కోపం లేదు. ఆయుర్వేదం మీద అసలే లేదు. ఆ రెంటి పరువు తీస్తున్నది ఆ మాటే అని నా ఫిర్యాదు.

మా చెల్లెలి కూతురు సూర్యాపేట నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటోంది. నేనుండేది చైతన్యపురిలో. ఒకరోజు తెల్లారి ఐదింటికి ఫోను. "పెద్దమ్మా, ఒంటికి పోతే ఎర్రగ పడుతుంది. నెలసరి గాదు. నాకు భయమైతుంది." ఆటో ఎక్కించుకుని దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకుపోయాను. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. మూత్రం పరీక్ష చేస్తే రక్తకణం ఒక్కటి లేదు. డాక్టరమ్మ అడిగింది: "ఏం మందులు వాడుతున్నవమ్మా?" "ఏం లేవు మేడమ్." మళ్లీ అడిగింది. అదే జవాబు. మూడోసారి కాస్త గట్టిగా అడిగితే, పిల్ల నా వంక చూసి మెల్లగా అంది: "మందులైతే లేవు మేడమ్... మంజిష్ఠ తాగుతున్న."

అది అబద్ధం ఆడలేదు. మంజిష్ఠ మందు కాదనే దాని నమ్మకం. అలా నమ్మించింది మనమే.

ఆ ప్యాకెట్టు తెప్పించి చూశాను. పారదర్శక కవరు, స్టేపుల్ పిన్ను, లోపల ఇటుక రంగు పొడి. బాల్‌పెన్నుతో రాసిన నాలుగు మాటలు: "పొద్దున 1, రాత్రి 1". ఒకటంటే ఒక చెంచా. ఏ చెంచా? పిల్ల హాస్టల్ మెస్సులో అన్నం తినే చెంచాతో గోపురంగా తీసుకుని వేడినీళ్లలో కలుపుకుని తాగింది. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే ఆ చెంచాకు 7 గ్రాములొచ్చింది. రెండు పూటలకు 14. ఆయుర్వేద ఫార్మకోపియా మంజిష్ఠ పొడికి చెప్పిన మోతాదు 2 నుంచి 4 గ్రాములు. అంటే మూడు నెలలుగా ఆ పిల్ల పై హద్దు కూడా దాటి తాగుతోంది. మూత్రంలో పడిన ఎరుపు ఆ పొడి రంగే. మానేసిన నాలుగైదు రోజుల్లోనే పోయింది, దానివల్ల వచ్చిన ముప్పేమీ లేదు. పోనిది వేరే ఉంది. అంతకుముందు చర్మవైద్యుడు మొటిమలకు రాసిచ్చిన పూత మందును ఈ మూడు నెలలూ పక్కన పడేసింది. చెంపల మీద గుంటలు పడ్డాయి. ఆ గుంటల ఖాతా ఎవరి పేర రాయాలి?

ఇంతకీ ఈ మంజిష్ఠ ఏమిటి? కాఫీ, సింకోనా చెట్ల కుటుంబానికి చెందిన తీగ. శాస్త్రీయ నామం రూబియా కార్డిఫోలియా. మందు కొట్టుకు రాకముందు నుంచే అద్దకపువాళ్ల బానలో ఉడికిన వేరు. ఉర్దూలో మజీఠ్, యునానీ హకీములకూ బాగా తెలిసిన సరుకు. మన కృష్ణా తీరంలో దీని పని చేసింది ఇదే కుటుంబంలోని మరో మొక్క, చిరివేరు. సముద్రపు ఒడ్డు ఇసుకలో సన్నగా, పొడుగ్గా దిగే ఆ వేరు ఎరుపుతోనే మచిలీపట్నం అద్దకాలు ఓడలెక్కి దేశాలు తిరిగాయి. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారు చేశాక వేర్ల వ్యాపారం కూలిపోయింది. అద్దకాల ఊరు పెడనలో ఇప్పుడు చాలా బానల్లో ఉడికేది ఆ అలిజరినే. మంజిష్ఠతో ఉడికించేవాళ్లూ ఉన్నారు.

పెడనలో ఒకసారి ఆ ఉడకబెట్టడం దగ్గర నిలబడి చూశాను. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టారు. పటిక నీళ్లతో పువ్వుల అచ్చు వేశారు. అప్పటికి ఆ పువ్వులు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. తరవాత రంగు బానలోకి దించి కర్రతో తిప్పుతుంటే, పటిక పడిన చోటల్లా ఎరుపు లేచి వచ్చింది. పటిక లేని చోట అంటిన రంగు ఉతుకుల్లో పోయింది. ఒకే బాన, ఒకే రంగు, ఒకే గుడ్డ. పట్టుకునేది ఉన్నచోటే పట్టింది. ఆ పట్టు ఎంత గట్టిదంటే మన అలంకారికులు ప్రేమను కొలవడానికి కూడా దాన్నే తెచ్చుకున్నారు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు అనురాగాన్ని మూడు రంగులుగా చెప్పాడు: నీలి, కుసుంభం, మంజిష్ఠ. కుసుంభం మెరిసి వెలిసిపోతుంది. నీలి మెరవదు గాని పోదు. పోకుండానూ ఉండి, మెరిసేది మంజిష్ఠ.

గుడ్డను పట్టి వదలని ఈ రంగు ఒంట్లోకి పోతే ఏమవుతుందో కనిపెట్టింది కూడా అద్దకం ఇంట్లోనే. 1736లో జాన్ బెల్చియర్ అనే లండన్ శస్త్రవైద్యుడు ఒక అద్దకపాయన ఇంటికి భోజనానికి పోయాడు. విస్తట్లోని పంది మాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. ఏమిటని ఆరా తీస్తే, అద్దకం గుడ్డల మీద ఎక్కువైన రంగును తవుడుతో ఉడికించి తీసేస్తారనీ, ఆ తవుడే పందులకు పెడుతున్నారనీ తేలింది. యూరప్‌లో వాడే మాడర్ వేరు రంగది, మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. ఆ రంగు ఎముకలోని సున్నాన్ని పటికను పట్టినట్టే పట్టుకుంది. దాన్ని ఆసరా చేసుకునే తరవాతి వైద్యులు ఎముక ఎలా పెరుగుతుందో తెలుసుకున్నారు.

కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఎముక దాకా నడిచి అక్కడ కూర్చునే సత్తువ ఉన్న వేరు జాతి ఇది. దాన్ని పట్టుకుని "ఏం గాదు" అంటే, అది దాన్ని పొగడడమా, చిన్నబుచ్చడమా? పనిచేసేదేదైనా పనిచెయ్యకూడని చోటా చేస్తుంది. ఏ చెడూ చెయ్యలేనిది మంచి మాత్రం ఎక్కడ చేస్తుంది? సింకోనా బెరడులోని క్వినైన్ లక్షల మంది మలేరియా రోగుల్ని బతికించింది. మోతాదు మించితే చెవులు హోరెత్తించింది, చూపును దెబ్బతీసింది. రెండూ ఆ బెరడు గుణాలే.

ఇప్పుడు అసలు అబద్ధం దగ్గరకు వస్తాను. "తెల్లబరుస్తుంది, చరకుడే చెప్పాడు." ఈ మాట అన్నవాళ్లు చరకుణ్ణి తెరిచి చూడలేదు. చూడాలనుకుంటే దూరం పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే గడ్డిఅన్నారం రెవెన్యూ బోర్డు కాలనీలో భారతీయ వైద్య వారసత్వ జాతీయ సంస్థ ఉంది. 1944లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి వైద్య చరిత్ర విభాగంగా మొదలుపెట్టినది, 1956లో హైదరాబాదుకు వచ్చింది. చరక సంహితను, సుశ్రుత సంహితను, మూలికల నిఘంటువులను కంప్యూటర్లోకి ఎక్కించి ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు పెట్టింది ఆ సంస్థే. మంజిష్ఠ పేరు చెప్పి వ్యాపారం జరుగుతున్న రోడ్డుకు ఇంత దగ్గర్లో ఆ గ్రంథాలన్నీ తెరిచి ఉన్నాయి. అటు తొంగిచూసే దుకాణదారు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

చరకుడు సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో 50 గణాలు చెప్పాడు, గణానికి 10 మూలికలు. మంజిష్ఠ మూడు గణాల్లో కనిపిస్తుంది: వర్ణ్యం, విషఘ్నం, జ్వరహరం. ఈ "వర్ణ్యం" అన్న మాట దగ్గరే మోసం జరుగుతోంది. వర్ణ్యం అంటే వర్ణానికి మేలు చేసేది. ఏ వర్ణానికి? ఎవరి వర్ణానికి వారిదానికి. చరకుడు ఆ సంగతీ అనుమానం లేకుండా చెప్పాడు. ఇంద్రియస్థానం మొదటి అధ్యాయంలో మనిషి శరీరానికి సహజమైన రంగులు ఏవేవో లెక్కపెట్టాడు: నలుపు, చామన, చామనలో పసిమి కలిసినది, పసిమి. నలుపే ముందు. ఆ వెంటనే వికారపు రంగుల్ని, అంటే జబ్బు వల్ల తేలే రంగుల్ని చెప్పాడు: నీలం, ధూమ్రం, రాగి, ఆకుపచ్చ, వాటితోపాటు శుక్లం. తెలుపు! ఇంద్రియస్థానం రోగి బతుకుతాడో పోతాడో గుర్తుల్ని బట్టి చెప్పే స్థానం. ఉన్నట్టుండి ఒళ్లు తెల్లబడితే చరకుడు ఆందోళన పడతాడు. ఆయన పేరు మీదే తెలుపు అమ్ముతున్నారు.

నల్లగా పుట్టిన పిల్లకు నలుపు ప్రకృతి. దాన్ని జబ్బుగా చూడడం ఆయుర్వేదంలో లేదు, మన పెళ్లిచూపుల్లో ఉంది. కోచింగ్ సెంటర్‌కు వచ్చి ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు చదువుతున్న పిల్లను కూడా అద్దం ముందు నిలబెట్టి ఈ పొడి కొనిపిస్తున్నది ఆ పెళ్లిచూపుల భయమే. మా పిల్లను అడిగాను, మొటిమల కోసమేనా అని. కాసేపు మాట్లాడలేదు. "అమ్మ కూడా అంటది గదా పెద్దమ్మా, కొంచెం రంగు తేలితే బాగుండునని." మా చెల్లెలు ఆ మాట ఎన్నిసార్లు అందో, నేను విని ఊరుకున్నది ఎన్నిసార్లో నాకు తెలుసు.

"చలవ చేస్తుంది" అన్న మాట కూడా అంతే. భావప్రకాశ నిఘంటువు తీసి చూడండి. మంజిష్ఠ రుచి తీపి, చేదు, వగరు. గుణం గురువు, అంటే అరుగుదలకు బరువు. వీర్యం, అంటే శక్తి, ఉష్ణం. వేడి! ఏప్రిల్ నెలలో కొత్తపేట రోడ్డు మీద చలవ మందని దీన్ని మజ్జిగలో కలిపి తాగమని చెప్పేవాళ్లు ఏ నిఘంటువు చూసి చెబుతున్నారు?

ఇక "రక్తశుద్ధి". ఎర్రటి వేరు కాబట్టి ఎర్రటి రక్తాన్ని కడుగుతుందన్న తర్కం చిన్నపిల్లలకు నచ్చుతుంది. ప్రాచీన వైద్యులు రక్తదుష్టి అన్నప్పుడు ఒక మొత్తం సిద్ధాంతం చెప్పారు. ఏ దోషం, ఏ ధాతువు, ఏ ఆహారం, ఏ ఋతువు, రోగి బలమెంత అని చూసి, మంజిష్ఠను పది ఇరవై మూలికల కషాయంలో ఒకటిగా కలిపారు. మంజిష్ఠాది కషాయాలు కుష్ఠానికీ, మొండి చర్మరోగాలకూ చెప్పినవి. వయసులో వచ్చే మొటిమకు ఎవరికి వారు చెంచాతో తీసుకొమ్మని చెప్పలేదు. నరాల్లో పారే రక్తంలో మురికి పేరుకుంటుందనీ, దాన్ని పొడి కడుగుతుందనీ అనుకుంటే, ఆ పని మన మూత్రపిండాలు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాయి, రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తూ. మొటిమ పుట్టేది చర్మం కింది జిడ్డు గ్రంథి రంధ్రం మూసుకుపోయి, హార్మోన్లు రెచ్చగొట్టి. మంగు ముదిరేది ఎండకు, గర్భానికి, హార్మోన్ల మార్పుకు. అక్కడ రక్తం చేసిన నేరం ఏమీ లేదు.

"సైన్సు కూడా ఒప్పుకుంది" అనేవాళ్లున్నారు. ఏం ఒప్పుకుందో చూద్దాం. మంజిష్ఠ వేరులో పర్ప్యూరిన్, మంజిస్టిన్, రూబియాడిన్, మొల్లుగిన్ వంటి పదార్థాలున్నాయి. గాజు పళ్లేల్లో సూక్ష్మజీవుల మీద, ఎలుకల్లో వాపుల మీద, కాలేయం మీద అవి పనిచేసిన సంగతి పరిశోధకులు రాశారు. ఆశ పుట్టించే సంగతే, పరిశోధన ఇంకా సాగాలి. కానీ గాజు పళ్లేనికీ హాస్టల్ గదిలోని ఆడపిల్ల చెంపకూ మధ్య చాలా దూరం ఉంది. సైన్సును సాక్ష్యానికి పిలిచినవాళ్లు దాని సాక్ష్యం మొత్తం వినాలి కూడా. యూరప్ మాడర్‌ను కిడ్నీ రాళ్లకు మందుగా చాలాకాలం వాడారు. అందులోని లూసిడిన్ జన్యువుల్ని దెబ్బతీస్తుందని తేలాక 1990లలో జర్మనీ ఆ మందుల్ని తీసేసింది. ఎలుకల మూత్రపిండాల్లో కణితులు కనిపించాక జపాన్ 2004లో మాడర్ రంగును తినే పదార్థాల జాబితా నుంచి కొట్టేసింది. మన మంజిష్ఠ వేరే జాతి, రసాయనాల పాళ్లు వేరు. అది క్యాన్సర్ తెస్తుందని నేను అనను, అనడానికి ఆధారం లేదు. మాడర్ కూడా వాళ్లు తరతరాలుగా వాడిన వేరే, చెట్టు మందే. అయినా కూర్చుని పరీక్షించారు, తప్పు కనబడితే ఒప్పుకున్నారు. నాకు కావలసింది ఆ బుద్ధి.

"ఇంగ్లీషు మందులకు మాత్రం సైడ్ ఎఫెక్టులు లేవా?" ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. ఉన్నాయి, బోలెడున్నాయి. అవి మనకెలా తెలిశాయి? మందు పెట్టెలో మడత పెట్టిన కాగితం మీద ఎవరో రాశారు కాబట్టి. చెట్టు మందుకు సైడ్ ఎఫెక్టులు లేవన్న నమ్మకంలో సగం, వాటిని ఎవరూ రాయకపోవడం నుంచి పుట్టిందే. యునానీ వైద్యులు మజీఠ్‌ను ఆగిన ముట్టును జారీ చేసే మందుగా వాడతారు. అంటే గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కొన్న నాలుగు ప్యాకెట్లలో ఒక్కదాని మీద కూడా ఆ మాట లేదు. ఒకదానిలో పొడి బదులు ముక్కలున్నాయి, "అసలు వేరు" అని రాసి. బల్ల మీద పోసి చూస్తే సగానికి కణుపులున్నాయి. వేరుకు కణుపులుండవు. అవి తీగ కాడలు. పొడి కొట్టాక వేరెంతో, కాడెంతో ఏ కన్నూ చెప్పలేదు.

చట్టం లేక కాదు. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల లేబుల్ మీద అందులో ఏమేముందో రాయాలని ఔషధ నియమాలు చెబుతూనే ఉన్నాయి. కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడం ఏ వైద్యానికైనా నేరమని 1954 నాటి చట్టం చెబుతోంది. ఆ జాబితాలో బొల్లి కూడా ఉంది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ స్తంభాల మీద బొల్లికి గ్యారంటీ అని అంటించిన కాగితాల్ని నేను మూడు లెక్కపెట్టాను. పేరూ ఊరూ లేని సరుకు ఎంత దూరం తీసుకుపోతుందో కేరళ చూసింది. 2023లో కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు, ఒకే తీరు జబ్బుతో వస్తున్న రోగుల్ని ఆరా తీస్తే చాలామంది చేతుల్లో తెల్లబరిచే క్రీములు తేలాయి. అందులో పాదరసం. వాటిలో మూలిక ఉందని నేను చెప్పడం లేదు. తెల్లబడాలన్న ఆరాటం, లేబుల్ లేని సరుకు, రెండూ మన రోడ్డు మీదా ఉన్నాయంటున్నాను.

నిజమైన వైద్యుడు ఎలా ఉంటాడో కూడా చెప్పాలి. మా అమ్మ కాలి మీద మానని పుండుకు ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరకు తీసుకుపోయాను. పావుగంట అడిగాడు. షుగరుందా, ఏం మాత్రలు వేసుకుంటోంది, విరేచనం ఎలా అవుతోంది, రాత్రి నిద్రపడుతోందా. షుగరు రిపోర్టు తెచ్చాకే చెబుతానన్నాడు. తెచ్చాక, పుండు శుభ్రం చేసే పని సర్జన్‌ది అని అక్కడికే పంపాడు. తన కషాయం తరవాత మొదలుపెట్టాడు, మంజిష్ఠ కూడా అందులో ఉంది, పదకొండు సరుకుల్లో ఒకటిగా, 40 రోజులకు. 41వ రోజు ఆపేశాడు. ఇంకొన్నాళ్లు వాడనా అని అమ్మ అడిగితే, "ఎందుకమ్మా, పని అయిపోయిందిగా" అన్నాడు. "ఎన్నాళ్లయినా వాడుకోవచ్చు" అన్న మాట ఆయన నోట రాలేదు.

మా పిల్ల కొన్న దుకాణానికి కిందటి వారం నేనే వెళ్లాను. గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. గల్లా పెట్టె దగ్గర ఇరవై ఐదేళ్ల కుర్రాడు. జరిగింది చెప్పాను, ఆ రాత చూపించాను. మొహం చిన్నబోయింది. "నాకేం తెల్వదమ్మా. బేగంబజార్ల కిలోల లెక్క తెస్త, ఈడ ప్యాక్ చేస్త. ఆ పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని మా నాయన రాసేటోడు, నేనూ గదే రాస్తున్న." వాళ్ల నాయన ఏ చెంచా చూసుకుని రాశాడో వాడికీ తెలియదు. గర్భిణులకు ఇవ్వకూడదన్న సంగతి చెబితే నిజమా అని రెండుసార్లు అడిగాడు. వాళ్ల వదినకు ఐదో నెలట, ఇంట్లో అందరూ తాగుతున్నారట. నా ముందే ఫోను చేసి ఆమెను మానెయ్యమన్నాడు. ఆ తరవాత బల్ల కింద నుంచి ఖాళీ కవర్ల కట్ట, బాల్‌పెన్ను తీసి నా వంక చూశాడు.

"మరి ఏం రాయమంటవమ్మా?"

నేను చెప్పాను, వాడు రాసుకున్నాడు. రెండు నుంచి నాలుగు గ్రాములు, రోజు మొత్తానికి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దు. మూత్రం ఎర్రబడవచ్చు. వేరే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాలి. రాసి, కాసేపు చూసుకుని, అడ్డంగా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు. కవరు చిన్నదైంది, మాటలు పట్టలేదు.

"పెద్ద కవర్లు తేవాలె" అన్నాడు.